బార దారం: చేతికుట్టు నేర్చుకోవడానికి వచ్చిన ఒక గ్రేడింగ్ కూలీ కేసు

సింగరాయకొండలో ఆడవాళ్లకు కుట్టు నేర్పడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మిషను కోసమే వస్తారు. జాకెట్టు కటింగు ఎప్పుడు చెబుతారని మొదటి వారంలోనే అడుగుతారు. చేతికుట్టు ఒక్కటే చాలని వచ్చేవాళ్లు తక్కువ, వాళ్లలో యాభై దాటినవాళ్లు ఇంకా తక్కువ. అందుకే అట్లా వచ్చిన ఒకామె కేసు వివరాలు అప్పుడే పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. చేతికుట్టు నేర్పే మిగతావాళ్లకూ, ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్లకూ పనికొస్తాయని ఇప్పుడు విడమరిచి రాస్తున్నాను. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పను. టంగుటూరు వైపు పల్లె అనుకోండి.

ఆమెకు యాభై పైన రెండు మూడేళ్లు ఉంటాయి. చిన్నతనం నుంచీ పొగాకు పనే. కోతల కాలంలో బ్యారన్ దగ్గర, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం దగ్గర, కర్రలకు ఆకు అల్లుతుంది. ఆ ఆరబెట్టడం (క్యూరింగ్) అయ్యాక ఆకుని రకాలవారీగా ఏరే గ్రేడింగ్‌కి పోతుంది. వేలానికి తోలేముందు బేళ్లకు గోనెపట్టా కుట్టిన అనుభవమూ ఉంది. షెడ్డులో ఆకు దుమ్ము మధ్య రోజంతా కూర్చోలేకపోతున్నానని, ఇంటిపట్టున చేసుకునే పని ఏదైనా చెప్పమని వచ్చింది. వాళ్ల వీధిలో చీరలకు ఫాల్ కుట్టేవాళ్లు లేరు. అందరూ టంగుటూరు పోయి ఇచ్చి, మళ్లీ ఇంకోరోజు పోయి తెచ్చుకుంటున్నారు. ఆ పనేదో నువ్వే చెయ్యత్తా అని కోడలు అందట. మిషను కొనే స్తోమత లేదు. ఫాల్‌కి మిషను అక్కర్లేదు కూడా. మిషను మీద వేసిన ఫాల్ చీర మంచివైపు గీత గీసినట్టు కనపడుతుంది, చేత్తో కుట్టింది కనపడదు.

తన ఇబ్బంది ఆమె చెప్పుకున్న తీరు ఇది: "సూదిలో దారం ఎక్కదు పాపా. ఎక్కినా చిక్కు పడుద్ది. చిక్కు తీసి కుడితే వంకరపోద్ది. మనది బండ చెయ్యి, ఆకు పనికే పనికొస్తది."

పుస్తకంలో ఆ వరసలోనే రాసుకున్నాను: ఎక్కదు, చిక్కు, వంకర. ఆమె వాటిని మూడు లోపాలు అనుకుంటోంది. ఒక పూట పక్కన కూర్చుని చూశాక అవి మూడూ ఒకదాని కడుపున ఒకటి పుట్టినవని తేలింది. ఈ కేసులో చెప్పుకోదగ్గది అదే. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

మొదటి పూట చూసింది

కొత్తవాళ్లకు మొదటి పూట నేనేమీ చెప్పను. ఇంట్లో ఎట్టా కుడతారో అట్టాగే కుట్టి చూపించమంటాను. ఆమె సంచిలోంచి మడతపెట్టిన క్యాలెండరు కాగితం ఒకటి తీసింది. దానికి నాలుగైదు సూదులు గుచ్చి ఉన్నాయి, అన్నిటికీ దారం ఎక్కించే ఉంది. ఒక్కోదానికి రెండు బారల దారం (రెండు చేతులూ చాపినంత పొడుగు ఒక బార) తీసి, జోడు చేసి, చివర ముడేశారు. అంటే సూది నుంచి బారెడు జోడు దారం వేలాడుతోంది.

అది మనవడి పని. నాలుగో తరగతి చదువుతున్నాడు. పొద్దున్నే బడికి పోయేముందు సూదులన్నిటికీ దారం ఎక్కించి పోతాడు. కూలి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు. వాడు సాయంత్రం వచ్చేలోపు సూదులు అయిపోతే ఆ రోజుకి పని బంద్. అందుకని "ఎంత పొడుగు వస్తే అంత పొడుగు పెట్టరా" అని ఆమే చెప్పింది.

కుట్టడం మొదలుపెట్టింది. సూది గుడ్డలోంచి లాగినప్పుడల్లా చెయ్యి తలపైకి పోతోంది, అయినా దారం ఇంకా మిగిలే ఉంది. మిగిలిన దారం ఒళ్లో కుప్పపడుతోంది. దారానికి పురి ఉంటుంది కదా, వేళ్ల మధ్య సూది తిరిగినకొద్దీ ఆ పురి ఎక్కువవుతుంది, దారం మెలిపడి ఉచ్చులా తిరుగుతుంది, ఆ ఉచ్చులోంచి తర్వాతి లాగుడు పోయేసరికి ముడి. జోడు దారం కాబట్టి ఒక పోగు ముందు, ఒక పోగు వెనక నడుస్తాయి, చిక్కు రెట్టింపు. మామూలుగా ఎవరైనా ముడి పడితే దారం తెంపి మళ్లీ ఎక్కించుకుంటారు. ఆమె తెంపదు. తెంపితే మళ్లీ ఎక్కించేవాళ్లు లేరు. ముడిని అట్లాగే గుడ్డలోంచి లాగేస్తుంది, గుడ్డ ముడుచుకుంటుంది. చివర్లో దారం కురచైపోతే ఇంకొంచెం సాగదీద్దామని కుట్లు పెద్దవి చేస్తుంది. వరస మొదట్లో సన్న కుట్లు, మధ్యలో ముడుతలు, చివర్లో బారెడు అంగలు. చూసినవాళ్లు చెయ్యి కుదరలేదంటారు.

చేతిలో లోపమేమీ లేదు. దారం మెలిపడినప్పుడు ఆమె గుంజలేదు, పురికొస చిక్కు తీసేవాళ్లు చేసినట్టు వదులు చేసి విదిలించింది. కర్రకి ఆకు అల్లేవాళ్లకు తాడు ఎంత బిగువుండాలో తెలియకపోతే బ్యారన్‌లో ఆకు జారి కింద పడుతుంది. ఆ బిగువు ఆమె వేళ్లలో ఉంది. సూది బెజ్జం దగ్గర భయం పోతే మిగతా రెండూ వాటంతట అవే సర్దుకుంటాయని అక్కడికక్కడే రాసుకున్నాను. ఎక్కించలేను అనే భయం పొడుగు దారాన్ని తెచ్చింది, పొడుగు దారం చిక్కుని తెచ్చింది, చిక్కు వంకరని తెచ్చింది.

కాబట్టి ఆమెకు నేర్పాల్సింది కుట్టడం కంటే ముందు, మనవడి సాయం లేకుండా సూది ఎక్కించుకోవడం.

కళ్లు

పేపరు చేతికిస్తే మూర దూరం పెట్టి చదివింది, అది కూడా హెడ్డింగులే. చత్వారం. నలభై దాటాక కంటిలోని కటకానికి సాగే గుణం తగ్గిపోయి దగ్గరి వస్తువులు మసకబారతాయి. ఇది జబ్బేం కాదు, అందరికీ వచ్చేదే. అయినా దూరం బాగానే కనపడుతుంది కాబట్టి కళ్లద్దాలు ఎందుకనుకుంటారు మనవాళ్లు. ఒంగోలులో కంటి పరీక్ష చేయించుకుని రమ్మన్నాను. చత్వారం అద్దాలు రాసిచ్చారు.

2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అస్సాం టీ తోటల కూలీల మీద ఒక అధ్యయనం వచ్చింది. నలభై దాటినవాళ్లకు దగ్గరి చూపు అద్దాలు ఇస్తే ఆకు కోత, ఇవ్వనివాళ్లతో పోలిస్తే ఇరవై శాతం పైగా పెరిగింది. అది ఆకు కోసే పని. మనది సూది బెజ్జం. అద్దాల విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను, చేయించుకొచ్చాకే పాఠం.

అద్దాలు వచ్చాక కొత్త తిప్పలొకటి వచ్చింది. ఇది చాలామందికి వస్తుంది, ఎవరూ చెప్పరు. అద్దాలు పెట్టుకున్నాం కదా అని సూదిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, మళ్లీ మసక. చత్వారం అద్దాలు పుస్తకం చదివే దూరానికి చేసినవి. సూదిని అడుగు పైన, జానెడున్నర దూరంలో పట్టుకుంటేనే బెజ్జం తేటగా కనపడుతుంది. "దగ్గరకొచ్చేకొద్దీ కనపడాల గదా, ఇదేంది తిరకాసు" అంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చోబెట్టాను. దూరం అదే కుదురుకుంది, చేతులకు ఆధారమూ దొరికింది.

వెలుతురు సంగతి కూడా. ఆమె ఇంట్లో గడపలో, వీధికి వీపు పెట్టి కూర్చుంటుందట. తన నీడ తన సూది మీదే పడుతుంది. కుడిచేత్తో కుట్టేవాళ్లకు వెలుతురు ఎడమ భుజం వైపు నుంచి రావాలి. పీట తిప్పి వేసుకోమన్నాను, ఖర్చు లేని పని.

సూది, దారం జత

ఆమె తెచ్చిన సూదులన్నీ కిరాణా కొట్లో కొన్న కలగలుపు ప్యాకెట్టువి. అందులో బాగా సన్నవి ఏరుకుంది, సన్న సూది అయితే సన్న కుట్టు వస్తుందని. దారం మాత్రం లావుపాటి రీలు. ఆ బెజ్జంలో ఆ దారం చిన్నపిల్లల కళ్లతో, చిన్నపిల్లల ఓపికతో ఎక్కుతుందేమోగానీ పెద్దవాళ్ల వల్ల కాదు. మనవడు నిజంగా గట్టివాడే.

నంబర్ల దగ్గర కొత్తవాళ్లు తికమకపడతారు. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 7 కంటే 10 సన్నం. మిషను సూదుల్లో దీనికి తలకిందులు, 14 కంటే 16 లావు, 16 కంటే 18 లావు. దారం మళ్లీ చేతి సూది దారిలోనే నడుస్తుంది, 40 నంబరు కంటే 60 సన్నం. మిషను నేర్చుకుని చేతికుట్టుకి వచ్చినవాళ్లు కొట్లో తప్పు ప్యాకెట్టు కొనుక్కొచ్చేది ఇందుకే.

జత కుదిరిందో లేదో చూడ్డానికి కొలతలు అక్కర్లేదు. దారం ఎక్కించి, ఏటవాలుగా బిగించి పట్టుకుని సూదిని వదలాలి. సూది తన బరువుకి తనే జారి పోవాలి. పట్టుకుని నిలబడిపోతే బెజ్జం చిన్నదైనట్టు. అట్లాంటి సూదితో కుడితే గుడ్డలోంచి లాగిన ప్రతిసారీ బెజ్జం అంచు దారాన్ని గీరుతుంది, కాసేపటికి దారం నూగు లేచి తెగుతుంది. జర్రున జారిపోయి సూది ఊడొస్తుంటే బెజ్జం మరీ పెద్దదైనట్టు, సన్న గుడ్డకి పెద్ద రంధ్రాలు పడతాయి.

కొత్తవాళ్లకు నేనిచ్చేది ఎంబ్రాయిడరీ సూది, 7 లేదా 8 నంబరు. మామూలు కుట్టు సూది బెజ్జం గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. దీనిది అదే లావు సూదికి పొడుగు బెజ్జం. మొన వాడిగానే ఉంటుంది కాబట్టి కుట్టుకి లోటేమీ లేదు. నంబరు గుర్తుండకపోతే "పొడుగు బెజ్జం సూది" అనడిగినా ఫ్యాన్సీ కొట్టువాళ్లు ఇస్తారు. చెయ్యి కుదిరాక 9, 10 నంబర్లకు పోవచ్చు. ఆమెకు ఈ సూది ఇచ్చినప్పుడు వెలుతురుకి పెట్టి చూసి "దీనికి కన్ను ఉంది" అంది.

ఎక్కించడం

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, మిగతావాళ్లు ఒక్క ముక్కలో దాటేసేది ఇక్కడే.

దారం చివర. ఆమె పళ్లతో కొరికి తెంపుతుంది, తర్వాత నోట్లో తడిపి మొన చేస్తుంది. కొరికితే చివర నలిగి చదునవుతుంది, పోగులు విడిపోతాయి. నూలు దారం తడిస్తే కాసేపటికి ఉబ్బుతుంది. పైగా పొగాకు పట్టిన చేత్తో తీసిన దారం నోట్లో పెట్టడం మానిపించాల్సిందే, ఆ చేదు ఎట్లా ఓర్చుకుంటుందో నాకర్థం కాలేదు. పదునైన కత్తెరతో, ఏటవాలుగా, ఒక్క వేటుకి కత్తిరించాలి. ఏటవాలు కోతకి మొన దానంతటదే వస్తుంది. మొండి కత్తెర కూడా పళ్లతో సమానమే. మరీ నూగు దారమైతే చివర అంగుళం మేర తేనెమైనం మీద ఒకసారి లాగితే పోగులు అతుక్కుంటాయి. కొవ్వొత్తి కూడా పనిచేస్తుందిగానీ పట్టుచీర కుట్టే దారానికి వద్దు, ఇస్త్రీ తగిలితే మరక దిగుతుంది.

పట్టుకునే తీరు. అందరూ సూదిని గాల్లో నిలబెట్టి, దారాన్ని దూరం నుంచి తెచ్చి గుచ్చబోతారు. దారం మెత్తనిది, పొడుగ్గా వదిలితే వంగుతుంది. దారాన్ని ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా నొక్కి, చివర రెండు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనపడేలా పెట్టాలి. అప్పుడు సూదిని తెచ్చి ఆ చివర మీదికి దించాలి. కదిలేది సూది, దారం కదలదు. కొన బెజ్జంలోకి రాగానే వేళ్లు కొద్దిగా వదులు చేసి సూదిని ముందుకి నెడితే దారం అవతల తేలుతుంది.

వెనక రంగు. ముదురు దారానికి వెనక తెల్ల కాగితం, తెల్లదారానికి వెనక ముదురు గుడ్డ. ఆమె ఆ రోజు కట్టుకున్నది వంకాయరంగు చీర, తెల్లదారానికి మోకాలే సరిపోయింది. సూదిని ఒకసారి అటుతిప్పి చూడటం కూడా అలవాటు చేశాను. బెజ్జాన్ని అచ్చుతో గుద్ది తీస్తారు కాబట్టి ఒకవైపు నున్నగా, ఇంకోవైపు కాస్త గరుకుగా ఉండొచ్చు. రెండుసార్లు ఎక్కకపోతే మూడోసారి అదే వైపు గుచ్చుతూ కూర్చోకుండా తిప్పాలి.

ఇన్ని చెప్పినా ఆమెకు నాలుగుసార్లలో ఒకసారే ఎక్కేది. మలుపు తిప్పింది మడత పద్ధతి. దారం చివర కాకుండా, చివరికి రెండంగుళాల ఇవతల సూది ఒంటి మీద దారాన్ని అడ్డంగా వేసి మడవాలి. రెండు కాళ్లూ కలిపి సూదికి ఆనించి బిగించి లాగి, మడతని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిగేలా నొక్కి, నొక్కింది నొక్కినట్టే ఉంచి సూదిని పక్కకి జార్చేయాలి. ఇప్పుడు వేళ్ల మధ్య బిగుసుకున్న చిన్న మడత ఒకటి ఉంటుంది, బయటికి దాదాపు కనపడదు. బెజ్జాన్ని వేళ్ల సందు మీద ఆనించి నొక్కుతూ, వేళ్లు వెంట్రుకవాసి తెరిస్తే మడత బెజ్జంలోకి లేస్తుంది. మడతకి విడిపోయే కొన ఉండదు, బిరుసుగా ఉంటుంది. రెండు పోగులు పట్టాలి కాబట్టి పొడుగు బెజ్జం సూదికే ఇది కుదురుతుంది.

"ఇది కంటితో ఎక్కేది కాదు పాపా, వేలితో ఎక్కేది" అంది మొదటిసారి ఎక్కినప్పుడు. ఏళ్ల తరబడి ఆకు మందం వేళ్లతో తడిమి గ్రేడు చెప్పిన మనిషి. కంటి మీద నమ్మకం లేకపోయినా వేలి మీద ఉంది. అందుకే ఈ పద్ధతి ఆమెకు పట్టుబడి ఉంటుందని నా అంచనా. అదే తరగతిలో ఉన్న ఇంటర్ పిల్లకి మడత పద్ధతి ఎన్నిసార్లు చూపించినా కుదరలేదు, ఆ పిల్ల కొన గుచ్చే పద్ధతిలోనే నిమిషంలో ఎక్కిస్తుంది.

దారం ఎక్కించే తీగ కూడా ఇచ్చి చూశాను, రేకు బిళ్లకి సన్న తీగ ఉచ్చు ఉంటుందే, అది. వాడితే తప్పేం లేదు, నేనూ వాడతాను. ఆమెకు నచ్చలేదు. "సూది బెజ్జమే నయం, ఈ తీగ అసలే కనపడదు" అని తిరిగిచ్చేసింది. ఆ తీగలు గట్టిగా లాగితే అతుకు దగ్గర ఊడిపోతాయి కూడా.

జానెడు దారం

ఎక్కించడం వచ్చాక కూడా భయం పోలేదు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు మళ్లీ బార దారంతో సూదులు తెచ్చింది. అవి పక్కన పెట్టించి, జానెడు జానెడు దారం ముక్కలు కత్తిరించి ఇచ్చాను. గళ్ల లుంగీ పాతది చింపి, దాని గళ్ల వెంబడి రన్నింగ్ కుట్టు వేయమన్నాను. జానెడు దారంతో ఒక వరస పూర్తయ్యేలోపే సూది ఖాళీ. మళ్లీ ఎక్కించు, మళ్లీ ముడి వెయ్యి, మళ్లీ కుట్టు.

"ఏంది పాపా ఇది, కుట్టేది తక్కువ, ఎక్కించేది ఎక్కువ!"

"ఆ ఎక్కించేదే గదక్కా పాఠం."

రెండు మూడు తరగతులు నడిచాక, ఎక్కించడం గురించి మాట్లాడటం మానేసింది. పక్కవాళ్లతో కబుర్లు చెబుతూనే ఎక్కిస్తోంది. అప్పుడు జానెడు నుంచి మూరకి పెంచాను. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, పద్దెనిమిది అంగుళాలు. చేతికుట్టుకి అంతకు మించిన దారం అక్కర్లేదు. మూర దారమైతే లాగినప్పుడు మోచెయ్యి ఒక్కసారి చాస్తే చాలు. ఎవరి మూర వాళ్లది, పొట్టిచేతులవాళ్లకు పొట్టిదారమే సుఖం. రీలు నుంచి తీసేటప్పుడు ముందు వచ్చిన కొసని సూదికెక్కించి, కత్తిరించిన కొసకి ముడి వేయమంటాను, చిక్కు తక్కువ పడుతుంది. అయినా మెలితిరిగితే గుడ్డని పైకెత్తి సూదిని వేలాడదీస్తే బొంగరంలా తిరిగి మెలి విప్పుకుంటుంది. ఇది చూపించిన రోజు ఆమె సూదిని ఊరికే నాలుగైదుసార్లు వదిలి చూసింది.

ముడి గురించి పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు. చూపుడువేలి చుట్టూ ఒక చుట్టు, బొటనవేలితో దొర్లించి లాగడం. ఆమెకు వచ్చు. జోడు దారం మాత్రం మానిపించాను. గుండీలకు, హుక్కులకు జోడు, మిగతా వాటికి ఒంటి పోగు. ఒంటి పోగుకి సూది జారకుండా చిన్నకాలు, అంటే బెజ్జానికి అవతలి పొట్టి కొస, జానెడు వదిలిపెట్టుకుని, కుట్టేకొద్దీ జరుపుకుంటూ పోవాలి.

గళ్ల లుంగీ ఎందుకంటే గీత గీయక్కర్లేదు. గడి గీత వెంబడి పోతే వరస తిన్నగా వస్తుంది, ఒక గడికి ఇన్ని కుట్లని లెక్క పెట్టుకోవచ్చు. రన్నింగ్ తర్వాత బ్యాక్ స్టిచ్ చెప్పాను. ఒక అడుగు వెనక్కి, రెండు అడుగులు ముందుకి. బేలు గోనెపట్టా గట్టిగా ఉండాల్సిన చోట దబ్బనంతో ఆమె వేసే కుట్టు అదే. "ఇది నాకొచ్చిందే" అని ఒక్క వరసలో వేసేసింది. నాలుగంగుళాల దబ్బనానికి బదులు అంగుళంన్నర సూది, అంతే తేడా. ఆ రోజు నుంచి "బండ చెయ్యి" అనే మాట ఆమె నోట మళ్లీ వినలేదు.

అంచు మడిచి కుట్టే హెమ్మింగ్ దగ్గర మాత్రం దబ్బనం అలవాటు అడ్డొచ్చింది. గోనెకి కుట్టు ఎంత బిగిస్తే అంత మేలు. హెమ్మింగ్‌లో బిగిస్తే గుడ్డ మంచివైపు చిన్న చిన్న గుంటలు పడతాయి. సూదిని ఏటవాలుగా పెట్టి, కింది గుడ్డలో ఒకటి రెండు పోగులు మాత్రమే ఎత్తి, మడత అంచులోంచి తీసి, దారం గుడ్డకి ఆనేదాకా లాగి ఆపేయాలి. ఆనింది అంటే చాలు. చాలా రోజులు ఆమె ఒక్కో కుట్టు తర్వాత గుడ్డని రెండువైపులా పట్టి మెల్లగా సాగదీసి చూసుకునేది. కుట్టు బిగిస్తే అక్కడ గుడ్డ సాగదు. ఆ పరీక్ష ఆమె సొంతంగా పెట్టుకున్నది, నేను చెప్పలేదు. ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

ఫాల్

ఫాల్ నూలుది, ఐదంగుళాల వెడల్పు, రెండున్నర మీటర్ల పైచిలుకు పొడుగు. కొత్త నూలు తడిస్తే కుంచించుకుపోతుంది. పాలిస్టర్ చీర కుంచించుకోదు. తడపని ఫాల్ అట్లాగే కుడితే మొదటి ఉతుకులోనే ఫాల్ దగ్గరికొచ్చి, చీర అంచు కుచ్చులుగా లేస్తుంది. కాబట్టి రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. చీర కట్టుకునేటప్పుడు లోపలికి పోయే చివర నుంచి జానెడు లోపు వదిలి, చీర తిరగవైపు, అంచుకి సరిగ్గా ఆనించి పరవాలి. మొదట వేరే రంగు దారంతో పెద్ద పెద్ద అంగల కచ్చా కుట్టు. తర్వాత కింది అంచు, ఆ తర్వాత పై అంచు హెమ్మింగ్. ఒళ్లో పెట్టుకుని కుడితే చీర ఒకవైపు, ఫాల్ ఒకవైపు సాగుతాయి, నేల మీద చాప పరిచి దాని మీద పరుచుకుని కుట్టమన్నాను. దారం రంగు సరిగ్గా దొరక్కపోతే ఒక పిసరు ముదురుది తీసుకోవాలి, లేతది పైకి తేలుతుంది.

ఆమె మొదట కుట్టిన రెండు మూడు చీరలు ఇంట్లోవే. తర్వాత వీధిలోవాళ్లవి. అందులో ఒక పాలిస్టర్ చీర తిరిగొచ్చింది. రేపు పెళ్లికి కట్టుకోవాలి, నానబెట్టే టైము లేదని ఆ చీర మనిషే తొందరపెట్టిందట. ఉతికాక అంచంతా లేచిపోయింది. విప్పడం కూడా ఒక పనే. ఒక కొస పట్టి లాగితే చీర పోగులు తెగుతాయి. మూడు నాలుగు కుట్లకొకసారి సూది మొనతో దారాన్ని ఎత్తి, కత్తిరించి, ముక్కలు ముక్కలుగా తీయాలి. ఓపికగా తీసింది. ఇప్పుడు ఎంత తొందరపెట్టినా "నానకపోతే నేను కుట్టను" అని చెప్పేస్తోంది. ఫాల్ ఆమె దగ్గరే కొనమంటోంది, నానబెట్టి ఆరేసినవి నాలుగైదు రంగులు సిద్ధంగా పెట్టుకుంది.

వెంకటగిరి చీరల్లాంటి సన్న నూలు వాటికి 10 నంబరు సూది కావాలి, ఆమె వాడే 7, 8 నంబరు ఎంబ్రాయిడరీ సూదికి రంధ్రం పెద్దదవుతుంది. 10 నంబరు మామూలు సూది బెజ్జంలో మడత పట్టదు, కొన గుచ్చే పద్ధతే దిక్కు. అది ఆమెకు పగటి వెలుతురులోనే కుదురుతోంది. పట్టుచీరలు వేరేవాళ్లకు పంపిస్తోంది, వేళ్ల కొసల గరుకు పట్టు పోగుని లాగేస్తుందని. రాత్రిళ్లు వాజలీన్ రాసుకుంటే కాస్త మెత్తబడ్డాయిగానీ గ్రేడింగ్ రోజుల్లో మళ్లీ మామూలే. ఆ పని పూర్తిగా మానలేదు, డబ్బు అవసరం అట్లాంటిది. సీజన్లో చేతికి అంటిన పొగాకు జిగురు లేతరంగు చీరకి అంటితే పోదు కాబట్టి, కొబ్బరినూనె పట్టించి ఆ తర్వాత సబ్బుతో కడిగితే తప్ప సూది ముట్టదు. తెల్లచీరలు ఆ నెలల్లో ఒప్పుకోదు.

దీపాలు పెట్టాక సూది తీయదు, ఎవరికీ చేతికివ్వదు. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న పట్టింపే. నేను కాదనలేదు. ఆ కళ్లకు ఆ వేళ నల్లదారం పని ఎలాగూ వద్దు.

సూదుల కోసం ఒక మెత్త కుట్టించాను, ఆమె చేతనే. లోపల దువ్వెనకి ఊడిన వెంట్రుకలు కూరాం, నూనె గుణానికి సూదులు తుప్పు పట్టవని పాతకాలం పద్ధతి. పని మొదలుపెట్టేటప్పుడు ఎన్ని సూదులున్నాయో, ముగించాక అన్నీ ఉండాలి. ఇంట్లో పసిపిల్లలు పాకే చోట చాప మీద కుట్టేవాళ్లకు ఈ లెక్క తప్పనిసరి. వేలి టోపీ కూడా ఇచ్చాను, దర్జీలు అంగుస్తానా అంటారే అది. పెట్టుకోవడం లేదు. మధ్యవేలి చర్మమే ఆమెకు టోపీ.

రాని పని ఒకటి మిగిలింది, కాజాలు. కాజా కుట్టు ఒకదాని పక్కన ఒకటి ఆనించి వేయాలి, ప్రతి కుట్టుకీ దారం ఉచ్చుని అంచు మీదికి తేవాలి. ఆమె కుట్లు ఎడం ఎడంగా పడుతున్నాయి, ఉచ్చులు కొన్ని పైకి, కొన్ని కిందికి పోతున్నాయి. కాస్త లావు దారంతో, గీత గీసిన గుడ్డ మీద మొదలుపెడదామన్నాను. గ్రేడింగ్ అయ్యాక చూద్దామంది. ఈలోపు జాకెట్లు వస్తే హుక్కులు తను కుట్టి, అవతలి పట్టీ కాజాలకు నా దగ్గరికి పంపుతోంది.